మోడల్ అందరిదీ, మొదటి క్షణం కొందరిది

వాతావరణాన్ని ముందుగా చెప్పే మోడల్ కోడ్ సంపాదించడం ఇవాళ పెద్ద పని కాదు. అమెరికా సంస్థలు కలిసి తయారుచేసిన డబ్ల్యూఆర్‌ఎఫ్‌ను ఏ ఊళ్ళోని విద్యార్థి అయినా దించుకోవచ్చు. ఇంగ్లండ్‌లోని రెడింగ్ కేంద్రంగా యూరప్ దేశాలు ఉమ్మడిగా నడిపే ఈసీఎండబ్ల్యూఎఫ్, తాను రోజూ వాడే ప్రపంచ మోడల్‌లోని అంచనా భాగాన్ని ‘ఓపెన్ ఐఎఫ్‌ఎస్’ పేరుతో విశ్వవిద్యాలయాలకూ పరిశోధన సంస్థలకూ అందిస్తోంది. కోడ్ దిగింది, కంపైల్ అయింది, నడపడానికి యంత్రమూ ఉంది. అయినా మోడల్ కదలదు. ఫలానా రోజు ఫలానా గంటకు గాలి ఎటు వీస్తోంది, ఎంత వేడి, ఎంత తేమ, నేలలో ఎంత తడి, సముద్రం పైపొర ఎంత వెచ్చగా ఉంది అనే సంగతులన్నీ భూగోళం మొత్తానికీ, నేల నుంచి దాదాపు 80 కిలోమీటర్ల ఎత్తు వరకూ, ఎక్కడా ఖాళీ లేకుండా ఎవరో దానికి అందించాలి. ఇదే ఆరంభ డేటా.

దీన్ని అందించే పెద్ద కేంద్రాలు ఇప్పుడు వెబ్ సాధనాలు పెట్టాయి. ఓపెన్ ఐఎఫ్‌ఎస్ వాడేవాళ్ళ కోసం డేటా హబ్ ఉంది. డబ్ల్యూఆర్‌ఎఫ్ వాళ్ళకు అమెరికా జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రం ఎన్‌కార్ భాండాగారమూ, అమెరికా వాతావరణ సేవ నడిపే నోమాడ్స్ సర్వరూ ఉన్నాయి. యూరప్‌లో కోపర్నికస్ క్లైమేట్ డేటా స్టోర్ ఉంది. మన దేశంలో నోయిడాలోని ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్ పోర్టల్ ఉంది. తేదీ, గంట, రిజల్యూషన్, పొరల సంఖ్య వంటి కొన్ని గడులు నింపి, అభ్యర్థన పంపి, సిద్ధమైందన్న కబురు కోసం ఎదురుచూడడమే పని. ఈ ఫారం నింపడాన్ని ప్రయోగశాలల్లో గుమాస్తా పనిగా చూస్తారు. కొత్తగా చేరిన పీహెచ్‌డీ విద్యార్థికి మొదటి వారంలోనే అప్పగిస్తారు. నా ఉద్దేశంలో ప్రయోగం సగం ఈ ఫారంలోనే తేలిపోతుంది, తేలిపోయిందని చాలామందికి తెలియదు. ఒక్కో గడి వెనక ఏముందో చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

ముందు ఒక పాత సంగతి. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1922లో అచ్చువేసిన పుస్తకంలో సమీకరణాలతో చేతి లెక్కలు కట్టి వాతావరణాన్ని అంచనా వేయబోయాడు. 1910 మే 20 ఉదయం యూరప్ మీది పరిశీలనలు, నార్వే శాస్త్రవేత్త విల్హెల్మ్ బ్యర్క్‌నెస్ బృందం గీసిన పటాల నుంచి తీసుకున్నవి, అతని ఆరంభ డేటా. ఆరు గంటల్లో వాయుపీడనం 145 హెక్టోపాస్కళ్ళు పెరుగుతుందని లెక్క తేలింది. ఆ రోజు నిజంగా పీడనం దాదాపు కదలనే లేదు. తర్వాత చాలాకాలం దీన్ని సమీకరణాల వైఫల్యమనే చెప్పుకున్నారు. ఐర్లండ్ శాస్త్రవేత్త పీటర్ లించ్ అవే లెక్కలు మళ్ళీ కట్టి చూపించింది వేరు. తప్పు సమీకరణాల్లో లేదు, ఆరంభ డేటాలో ఉంది. గాలికీ పీడనానికీ మధ్య ప్రకృతిలో ఉండే పొంతన ఆ అంకెల్లో లేదు. ఆ పొంతన కుదిరేలా డేటాను ముందుగా వడపోసి పెడితే, అదే పద్ధతిలో పీడనం మార్పు ఒక హెక్టోపాస్కల్ లోపుకు దిగింది. ఇవాళ వెబ్ ఫారం నింపి తెచ్చుకునే ఫైల్ విలువ అందులోని అంకెల కచ్చితత్వంలో ఎంత ఉందో, అవి ఒకదానితో ఒకటి పొసగడంలోనూ అంతే ఉంది.

రెండో పాత సంగతి అందరికీ తెలిసినదే, కాబట్టి పొట్టిగా చెబుతాను. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ లోరెంజ్ తన చిన్న మోడల్‌ను మధ్యలోంచి మళ్ళీ నడపడానికి 0.506127 బదులు ముద్రిత కాగితం మీదున్న 0.506 కొట్టాడు. కొన్ని నమూనా నెలల తర్వాత రెండు వాతావరణాలకూ పోలికే లేకుండా పోయింది. ఇక్కడ నాకు ఆసక్తి కలిగించేది ఈ సంగతితో ముడిపడిన సీతాకోకచిలుక ఉపమానం కాదు, దశాంశాలు. పెద్ద కేంద్రాలు డేటా పంపే గ్రిబ్ రూపం ఫైళ్ళలో మామూలుగా ఒక్కో విలువను 16 బిట్లలోకి కుదిస్తారు. కేంద్రం యంత్రంలో ఉన్న స్థితీ, మన చేతికి వచ్చిన స్థితీ అక్షరాలా ఒకటి కావు. లోరెంజ్ చేసిన కుదింపు ప్రతి డౌన్‌లోడ్‌లోనూ జరుగుతూనే ఉంది. రెండు మూడు రోజుల అంచనాకు ఇది పట్టించుకోవలసినంత కాదు. కానీ కేంద్రం నడిపిన అంచనాను అచ్చంగా మళ్ళీ రప్పిస్తానని బయలుదేరినవాళ్ళు ఇక్కడే ఆశ వదులుకోవాలి.

మరి ఈ ఆరంభ స్థితిని మనమే ఎందుకు తయారుచేసుకోకూడదు? ఓపెన్ ఐఎఫ్‌ఎస్‌లో అంచనా కట్టే భాగం ఉంది గాని, పరిశీలనలను మోడల్‌లో కలిపే భాగం లేదు. అది కేంద్రం దగ్గరే ఉంటుంది. ఉపగ్రహాలు, బెలూన్లు, విమానాలు, ఓడలు, బోయలు, నేల మీది కేంద్రాలు పంపే కొలతలను అంతకుముందటి చిన్న అంచనాతో పోల్చి, రెండింటి పొరపాట్లకూ తగిన తూకం వేసి, కొన్ని గంటల వ్యవధి మొత్తానికీ పొసగే ఒకే స్థితిని, అంటే విశ్లేషణను, రాబట్టడం భారీ పని. కోపర్నికస్ సేవ కింద ఈసీఎండబ్ల్యూఎఫ్ చేసిన ఎరా-5 పునర్విశ్లేషణలోకి (గడిచిన ఏళ్ళన్నిటికీ ఒకే మోడల్‌తో మళ్ళీ కట్టిన విశ్లేషణలోకి) 1979లో సగటున రోజుకు ఏడున్నర లక్షల పరిశీలనలు వెళ్ళాయి. 2019 నాటికి ఆ సంఖ్య రోజుకు 2 కోట్ల 40 లక్షలకు చేరింది. వీటిని అందిపుచ్చుకునే సమాచార వ్యవస్థ, వాటి లోపాలు తెలిసిన మనుషులు, సూపర్ కంప్యూటర్ అన్నీ ఒకచోట ఉన్న కేంద్రాలు ప్రపంచంలో చాలా తక్కువ. కోడ్ ఎంత బహిరంగమైనా మొదటి క్షణం వాళ్ళ దగ్గరే పుడుతుంది. మిగతా అందరం అడిగి తెచ్చుకుంటాం.

ఫారంలో మొదటి గడి తేదీ. ఇంతకన్నా అమాయకమైన ప్రశ్న మరొకటి ఉండదు అనిపిస్తుంది. ఎరా-5 నుంచి ఆరంభ డేటా అడుగుతున్నామనుకుందాం. అది రోజును రెండు పన్నెండు గంటల గవాక్షాలుగా విడదీస్తుంది: రాత్రి 21 గంటల నుంచి ఉదయం 9 వరకూ ఒకటి, 9 నుంచి 21 వరకూ రెండోది, రెండూ గ్రీనిచ్ కాలమానంలో. 00 గంటల స్థితిని తయారుచేసేటప్పుడు ఆ గవాక్షంలోని పరిశీలనలన్నీ, అంటే 9 గంటల వరకూ ఉన్నవీ, లెక్కలోకి వస్తాయి. 00 గంటలకు మొదలుపెట్టిన మన ‘అంచనా’కు తర్వాతి తొమ్మిది గంటల్లో ఏం జరిగిందో ముందే కొంత తెలుసన్నమాట. అదే 06 గంటల స్థితిని అడిగితే ముందుచూపు మూడు గంటలే. 12కు మళ్ళీ తొమ్మిది, 18కి మళ్ళీ మూడు.

రోజువారీ అంచనా వేసే మనిషికి ఈ సౌకర్యం ఉండదు. గడువు దాటాక వచ్చిన పరిశీలన అతనికి అక్కరకు రాదు. కాబట్టి ఎరా-5తో మొదలుపెట్టి, ‘మా మోడల్ ఈ తుపానును ముందే పట్టగలిగేది’ అని రాసే వ్యాసాలను కొంచెం ఆగి చదవాలి. గూగుల్ డీప్‌మైండ్ వాళ్ళ గ్రాఫ్‌కాస్ట్ అనే కృత్రిమ మేధ మోడల్ బృందం దీన్ని గుర్తించి, పోలికలు న్యాయంగా ఉండాలని తమ పరీక్షలో 06, 18 గంటల ఆరంభాలను ప్రధానంగా తీసుకుంది. గంట గడిలో 00 బదులు 06 నొక్కడమే తేడా. శాస్త్రపరంగా మాత్రం అది వేరే ప్రయోగం.

తేదీ గడిలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎరా-5లో 2000 నుంచి 2006 వరకూ పై వాతావరణం, అంటే స్ట్రాటోస్ఫియర్, ఉండవలసినదానికన్నా చల్లగా తేలింది. ఆ ఏళ్ళకు ఎరా-5.1 పేరుతో సరిచేసిన డేటా విడుదల చేశారు. కింది వాతావరణంలోని వాన గురించి పనిచేసేవాళ్ళకు తేడా తెలియదు. ఆ ఏళ్ళలో ఓజోన్ మీదో ధ్రువ సుడిగాలి మీదో పని చేసేవాళ్ళకు తెలుస్తుంది. ఇలాంటివి ఫారం చెప్పదు, డాక్యుమెంట్లలో వెతుక్కోవాలి.

తర్వాతి గడి ఎక్కడి నుంచి అన్నది. పునర్విశ్లేషణా, లేక ఆ రోజు కేంద్రం నిజంగా వాడిన విశ్లేషణా? తెలుగువాళ్ళకు బాగా గుర్తున్న ఉదాహరణ తీసుకుందాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ తుపానును రెండు రోజుల ముందు నుంచి మళ్ళీ నడపాలని ఒక విద్యార్థి అనుకున్నాడంటే, ఆరంభ స్థితి కోసం అతని ముందు నాలుగు దారులున్నాయి. ఈసీఎండబ్ల్యూఎఫ్ రోజువారీ విశ్లేషణ తీసుకుంటే అప్పటి రిజల్యూషన్ సుమారు 16 కిలోమీటర్లు, కానీ అది 2014 నాటి మోడల్. ఎరా-5 తీసుకుంటే 31 కిలోమీటర్లు, కానీ దాని వెనకున్నది 2016 నాటి, కొత్త మోడల్. ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్ బ్రిటన్ వాతావరణ సంస్థతో, మన వాతావరణ శాఖతో కలిసి చేసిన ఇమ్దా ప్రాంతీయ పునర్విశ్లేషణ అయితే 12 కిలోమీటర్లు, అది మన రుతుపవన ప్రాంతం కోసమే చేసినది. ఇక అమెరికా ఎఫ్‌ఎన్‌ఎల్ విశ్లేషణ ఒక డిగ్రీ గ్రిడ్ మీద ఉంటుంది, అంటే చుక్కకూ చుక్కకూ మధ్య 110 కిలోమీటర్ల దాకా. పావు డిగ్రీ ఎఫ్‌ఎన్‌ఎల్ 2015 జులైలో గాని మొదలు కాలేదు, అప్పటికి హుద్‌హుద్ వచ్చి వెళ్ళి తొమ్మిది నెలలు.

బంగాళాఖాతం తుపానుల మీద డబ్ల్యూఆర్‌ఎఫ్‌తో చేసిన పని మన దేశంలో చాలానే ఉంది, అందులో ఆంధ్రా విశ్వవిద్యాలయం వాతావరణ, సముద్రశాస్త్ర విభాగం పాత్రా ఉంది. ఈ రంగంలో ఎక్కువగా కనిపించే ఆరంభ డేటా ఎఫ్‌ఎన్‌ఎల్. అది అన్నిటికన్నా మేలైనదని కాదు. సులభంగా దొరుకుతుంది, చిన్నగా ఉంటుంది, డబ్ల్యూఆర్‌ఎఫ్ ముందస్తు ప్రోగ్రాములు దాన్ని మారుమాట లేకుండా చదువుతాయి. పది మంది వాడితే పదకొండోవాడికి కారణం చెప్పే పని ఉండదు. కానీ తుపాను కన్ను, దాని చుట్టూ గోడలా లేచే మేఘాలు కొన్ని పదుల కిలోమీటర్లలో ఇమిడిపోతాయి. చుక్కల మధ్య దూరం 110 కిలోమీటర్లైతే ఆ సుడి డేటాలో ఓ మెత్తని పల్లంలా మాత్రమే కనిపిస్తుంది. లోపల 3 కిలోమీటర్ల గ్రిడ్ పెట్టి నడిపినా మొదటి క్షణంలో అక్కడ లేని సుడి ఒక్కసారిగా ఊడిపడదు. అందుకే కొందరు ఆరంభంలో కృత్రిమ సుడిని అతికిస్తారు. అలాంటప్పుడు తుపాను బలం అంచనాలో ఎంత మోడల్‌ది, ఎంత అతికించినవాళ్ళది అన్నది విడదీయడం కష్టం. ఎరా-5 సైతం బలమైన తుపానులను ఉన్నదానికన్నా బలహీనంగానే చూపిస్తుంది, రిజల్యూషన్ మెరుగైనంత మాత్రాన ఆ తగాదా తీరిపోలేదు.

ఇక్కడే చాలా వ్యాసాల్లో కనిపించే మరో మెలిక చెప్పాలి. ఓపెన్ ఐఎఫ్‌ఎస్ ప్రపంచ మోడల్, దానికి మొదటి క్షణం ఒక్కటి చాలు. డబ్ల్యూఆర్‌ఎఫ్‌ను ఒక ప్రాంతానికి నడిపితే మొదటి క్షణంతో పాటు ఆ ప్రాంతం నాలుగు అంచుల దగ్గర ఏం జరుగుతోందో కూడా అడుగడుగునా చెప్పాలి. అంచు డేటాగా కూడా ఆరేసి గంటల ఎఫ్‌ఎన్‌ఎల్ ఇస్తే, మనం ఇస్తున్నది రాబోయే రోజుల విశ్లేషణ, అంటే నిజంగా జరిగిన వాతావరణం. నాలుగో రోజున తుపానును ఉత్తరానికి తిప్పే గాలులు సరైన చోట సరైన వేళకు అంచుల గుండా లోపలికి వస్తాయి. దారి బాగా కుదరడంలో ఆశ్చర్యం ఏముంది? అది తుపాను లోపలి భౌతికశాస్త్రం తెలుసుకోవడానికి పనికొచ్చే అనుకరణ. దాన్ని అంచనా నైపుణ్యం అని పట్టిక గీసి చూపించడం సబబు కాదు. నిజమైన అంచనా పరీక్ష కావాలంటే ఆనాడు జీఎఫ్‌ఎస్ వంటి ప్రపంచ మోడల్ వేసిన అంచనాలనే అంచులకు ఇవ్వాలి. నోమాడ్స్‌లో చరరాశులు, పొరలు, అక్షాంశ రేఖాంశాల హద్దులు ఎంచుకుని చిన్న ముక్కగా దించుకునే మంచి ఫారం ఉంది గాని, అక్కడ ఇటీవలి కొద్ది రోజుల డేటానే ఉంటుంది. పాతది కావాలంటే భాండాగారాలకు వెళ్ళాలి. ఆ రెండో ప్రయాణం తప్పించుకోవడానికే చాలామంది విశ్లేషణతో సరిపెట్టుకుంటారని నా అనుమానం.

రిజల్యూషన్ గడి సంగతి త్వరగా ముగించవచ్చు. ఓపెన్ ఐఎఫ్‌ఎస్‌లో టీ255 అంటే సుమారు 80 కిలోమీటర్లు, టీ511 అంటే 40, టీ1279 అంటే 16. యంత్రం ఎంత మోయగలదో అంతే అడగాలి. అడిగిన రిజల్యూషన్ మూల డేటాకన్నా సన్నగా ఉంటే కొత్త సమాచారం ఏమీ పుట్టదు, ఉన్న చుక్కల మధ్య గీతలు నున్నగా సాగుతాయి. ఎరా-5 నుంచి 16 కిలోమీటర్ల ఆరంభ డేటా వచ్చిందంటే కొండలు సన్నగా చెక్కి ఉంటాయి, గాలి మాత్రం 31 కిలోమీటర్లదే.

పొరల గడి దగ్గర మాత్రం కాసేపు నిలబడాలి. ఎరా-5 మోడల్‌కు 137 పొరలు. క్లైమేట్ డేటా స్టోర్‌లో చేతికి తేలిగ్గా అందేది 37 పీడన స్థాయిల డేటా. తేడా ఎక్కువగా పడేది నేలకు దగ్గర్లో. రాత్రి నేల చల్లబడి పొగమంచు పట్టే పొర, మధ్యాహ్నం నేల వేడికి గాలి ఉడుకుతూ లేచే పొర అన్నీ మొదటి కిలోమీటరు లోపే ఉంటాయి. మోడల్ పొరలు అక్కడ దట్టంగా పేర్చి ఉంటాయి. పీడన స్థాయిలు అక్కడ నాలుగైదే. ఆరంభ స్థితిగా పీడన స్థాయిల డేటా ఇస్తే ఆ సన్నని నిర్మాణం పోతుంది, మోడల్ దాన్ని తన లెక్కలతో మళ్ళీ కట్టుకోవాలి. మరి 137 పొరలూ ఎందుకు అడగరు? ఎరా-5 గ్రిడ్‌లో ఒక్క పొరకు 5,42,080 చుక్కలు. ఒక్క తేమనే, ఒక్క గంటకు, 137 పొరల్లో తీసుకుంటే 7 కోట్ల 40 లక్షల పైచిలుకు అంకెలు. అదీగాక మోడల్ పొరల డేటా డిస్కుల మీద కాక టేపుల మీద నిల్వ ఉంటుంది. అభ్యర్థన వరుసలో నిలబడి, యంత్రపు చెయ్యి టేపును తీసి చదివి, ఫైల్ తయారయ్యే సరికి ఎంతసేపవుతుందన్నది ఆ వేళకు వరుసలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఓపెన్ ఐఎఫ్‌ఎస్ కోసం ప్రత్యేకంగా హబ్ పెట్టడంలో అసలు లాభం ఇదే. టేపు నుంచి తీయడం, రిజల్యూషన్ మార్చడం, మోడల్ అడిగే రూపంలో పెట్టడం అన్నీ కేంద్రం దగ్గరే జరిగిపోతాయి.

ఆ రూపం గురించి కొంచెం. ఓపెన్ ఐఎఫ్‌ఎస్‌కు ఆరంభ డేటా ఒకే ఫైల్‌గా రాదు. గాలి, ఉష్ణోగ్రత, నేల మీది పీడనం తరంగాల మొత్తంగా రాసిన స్పెక్ట్రల్ ఫైల్‌లో ఉంటాయి. తేమ, మేఘాల వంటివి గ్రిడ్ ఫైల్‌లో. నేల, సముద్రం, మంచు సంగతులు ఇంకో ఫైల్‌లో. నేల వెలుతురును ఎంత తిప్పికొడుతుంది, చెట్ల ఆకులు ఎంత పరచుకుని ఉన్నాయి వంటి నెలవారీ సగటులు మరో ఫైల్‌లో. ప్రయోగానికి నాలుగక్షరాల గుర్తు పెడతారు, ఆ గుర్తు ఫైళ్ళ పేర్లలో ఉంటుంది. మోడల్ సెట్టింగుల్లో ఉన్న గుర్తుతో అది కలవకపోతే మోడల్ ఫైల్ దొరకలేదని ఆగిపోతుంది. మొదటిసారి నడిపేవాళ్ళ సమయం భౌతికశాస్త్రం కన్నా ఇలాంటి వాటికే ఎక్కువ ఖర్చవుతుంది.

నేల తడి అనే చిన్న చరరాశి అన్నిటికన్నా మొండిది. ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్‌లో నేల నాలుగు పొరలు: 7 సెంటీమీటర్ల వరకూ, 28 వరకూ, 100 వరకూ, 289 వరకూ. డబ్ల్యూఆర్‌ఎఫ్‌లో ఎక్కువమంది వాడే నోవా నేల పథకంలోనూ (పథకం అంటే ఒక ప్రక్రియను లెక్కించే మోడల్ భాగం) నాలుగే, కానీ హద్దులు 10, 40, 100, 200. ఎరా-5 నేల తడిని తెచ్చి నోవాకు ఇచ్చినప్పుడు పొరల లోతులు సర్దితే సరిపోదు. మట్టి రకాన్ని, అది ఎంత నీరు పట్టుకోగలదన్నదాన్ని రెండు మోడళ్ళు వేర్వేరుగా లెక్కిస్తాయి. ఒక మోడల్‌లో మొక్క వాడిపోయే స్థాయి తడి, మరో మోడల్‌లో మొక్కకు చాలినంత కావచ్చు. గాలి కొద్ది గంటల్లో కొత్త మోడల్‌తో సర్దుకుంటుంది. నేల అలా కాదు. ఒక మడిలో పెరిగిన నారు తెచ్చి ఇంకో మడిలో నాటితే వేరు నిలదొక్కుకోవడానికి పట్టినంత కాలం దానికీ పడుతుంది, లోతు పొరలకైతే నెలలు కూడా. తెలంగాణలో ఏప్రిల్, మే నెలల వడగాలుల మీద మోడల్ ప్రయోగం చేసేవాళ్ళకు ఇది పక్కన పెట్టదగ్గ విషయం కాదు. ఎండిన నేల సూర్యుడి వేడిని నీరు ఆవిరి చేయడానికి ఖర్చుపెట్టదు, ఆ వేడంతా గాలికే వెళుతుంది. ఆరంభంలో నేలలో లేని తడి చూపిస్తే పగటి ఉష్ణోగ్రత తక్కువగా వస్తుంది, అప్పుడు తప్పు రేడియేషన్ పథకానిదో మేఘాలదో అని వెతుక్కుంటూ కూర్చోవలసి వస్తుంది. ఇలాంటి పనికి ఆరంభ డేటా అడిగేటప్పుడు నేల నమూనా తన మోడల్‌తో కలిసే మూలాన్నే ఎంచుకోవడం, లేదా నేల భాగాన్ని విడిగా ఎక్కువ కాలం ముందు నుంచి నడిపి స్థిరపరచుకోవడం మేలు. గాలి రిజల్యూషన్ గురించి గంటలు చర్చించి నేల గురించి ఒక్క వాక్యం కూడా రాయని వ్యాసాలు ఎన్నో.

పాత తుపానుల విషయానికి వస్తే తేదీ గడికి ఇంకో అర్థం వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపానుకు ఆరంభ డేటా కావాలంటే ఇమ్దా పనికిరాదు, అది 1979 నుంచే. పాత ఎరా-ఇంటరిమ్ కూడా 1979 నుంచే. జపాన్ జేఆర్‌ఏ-55 1958 దాకా వెనక్కి వెళుతుంది, ఎరా-5 అయితే 1940 దాకా. కాబట్టి ఫారం ఆ తేదీని అభ్యంతరం లేకుండా తీసుకుంటుంది, 2014కు ఇచ్చినంత నిండుగా, అదే గ్రిడ్ మీద, అన్ని పొరలతోనూ ఫైల్ ఇస్తుంది. లోపల మాత్రం రెండూ ఒకటి కావు. అప్పటి బంగాళాఖాతం మీద ఉపగ్రహ సమాచారం పలుచన, ఓడల కబుర్లు కొన్ని, తీరం వెంబడి కేంద్రాలు కొన్ని. పరిశీలన లేని చోట కనిపించేది మోడల్ ఊహ. ఫైల్ పరిమాణం చూసి ఏ చుక్క కొలతకు దగ్గరో, ఏది ఊహకు దగ్గరో చెప్పలేం. ఈ సమాచారాన్ని ఆరంభ డేటాతో కలిపి పంపడం సాధ్యమే. ఎరా-5 కొద్దిపాటి తేడాలతో పక్కపక్కనే నడిపిన పది సభ్యుల సమూహాన్ని కూడా 63 కిలోమీటర్ల రిజల్యూషన్‌లో లెక్కించింది, అవి ఎక్కడ ఒకదానితో ఒకటి ఎక్కువగా విభేదిస్తే అక్కడ మనకు తెలిసింది తక్కువ.

ఇంతవరకూ మాట్లాడింది సమీకరణాలతో నడిచే మోడళ్ళ గురించి. మూడు నాలుగేళ్ళలో, పాత డేటా నుంచి నేర్చుకునే కృత్రిమ మేధ మోడళ్ళతో ఈ రంగం ముఖం మారిపోయింది. 2022లో ఎన్‌విడియా ఫోర్‌కాస్ట్‌నెట్, 2023లో హువావే పాంగు, గ్రాఫ్‌కాస్ట్ వచ్చాయి. ఈసీఎండబ్ల్యూఎఫ్ సొంత కృత్రిమ మేధ మోడల్ ఏఐఎఫ్‌ఎస్ 2025 ఫిబ్రవరి 25న రోజువారీ సేవలోకి వచ్చింది. గ్రాఫ్‌కాస్ట్ పది రోజుల అంచనాను ఒక్క ప్రాసెసర్ మీద నిమిషం లోపు ముగిస్తుంది. సూపర్ కంప్యూటర్ లేని కళాశాలకు ఇంతకన్నా మంచి వార్త లేదు. అయితే ఈ మోడళ్ళన్నీ నేర్చుకున్నది ఎరా-5 నుంచి, మొదలయ్యేది ఎరా-5తోనో పెద్ద కేంద్రం రోజువారీ విశ్లేషణతోనో. గ్రాఫ్‌కాస్ట్‌కు ఒకటి కాదు, ఆరు గంటల తేడాతో రెండు స్థితులు కావాలి. వీటిని సులభంగా నడపడానికి ఈసీఎండబ్ల్యూఎఫ్ విడుదల చేసిన ప్రోగ్రాం కూడా ఆరంభ డేటా కోసం తన భాండాగారానికో క్లైమేట్ డేటా స్టోర్‌కో వెళ్ళి అడుగుతుంది. లెక్క కట్టే ఖర్చు దాదాపు మాయమైంది. మొదటి క్షణం ఖర్చు ఉన్నచోటే ఉంది. పరిశీలనల నుంచి నేరుగా అంచనాకు వెళ్ళే దారి కూడా వెతుకుతున్నారు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఆర్డ్‌వార్క్ మీద 2025లో నేచర్ పత్రికలో వ్యాసం వచ్చింది. దానికీ నేర్పడానికి పునర్విశ్లేషణే ఆధారం.

అందుకే ఈ డేటాకు తలుపులు ఎంత తెరిచి ఉన్నాయన్నది ముఖ్యం. అమెరికా జీఎఫ్‌ఎస్ మొదటి నుంచీ అందరికీ ఉచితం, ప్రపంచమంతటా డబ్ల్యూఆర్‌ఎఫ్ అంతగా పాకడానికి అదొక పెద్ద కారణమని నా నమ్మకం. యూరప్ చాలాకాలం తాజా డేటాకు ధర కట్టి, పరిశోధనకు లైసెన్సు పెట్టి జాగ్రత్తగా ఇచ్చింది, క్రమంగా సడలించింది. 2025 అక్టోబరు 1 నుంచి ఈసీఎండబ్ల్యూఎఫ్ తన తాజా అంచనాల జాబితా మొత్తాన్ని బహిరంగ లైసెన్సు కిందికి తెచ్చింది. మన దేశంలో 2025 మేలో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గ్రిడ్‌తో మొదలైంది. దాని విశ్లేషణలను డబ్ల్యూఆర్‌ఎఫ్ చదివే రూపంలో, తేదీ నొక్కితే వచ్చేలా, పాత తేదీలతో సహా కళాశాలలకు అందుబాటులో ఉంచితే, విశాఖలోనో వరంగల్‌లోనో ఉన్న విద్యార్థి హుద్‌హుద్ లాంటి తుపాను కోసం ఒక డిగ్రీ డేటా చుట్టూ తిరగనక్కరలేదు.

ఫారం గురించి నాకున్న అసలు అసంతృప్తి వేరు. ఆరంభ డేటా ఫారాలు మామూలుగా ఒక తేదీకి ఒక స్థితినే అడగనిస్తాయి. అడిగినవాడు ఒకే స్థితితో ఒకే అంచనా నడుపుతాడు, అందులో తుపాను దారి నిజమైన దారికి 40 కిలోమీటర్ల దూరంలో వస్తే మోడల్ బాగుందంటాడు, 200 దూరంలో వస్తే ఒక పథకం మార్చి మళ్ళీ నడుపుతాడు. ఆరంభంలోనే ఉన్న అనిశ్చితి వల్ల దారి ఎంత చెదిరిపోతుందో చూడకుండా, పథకం మార్చినందుకే మెరుగైందని చెప్పడానికి వీల్లేదు. ఈసీఎండబ్ల్యూఎఫ్ తన రోజువారీ అంచనాల్లో 1992 నుంచే సమూహం నడుపుతోంది. ఎరా-5 పది సభ్యులూ క్లైమేట్ డేటా స్టోర్‌లో మూడు గంటలకోసారి, అర డిగ్రీ గ్రిడ్ మీద దొరుకుతాయి, ఎంపిక పెట్టెలో ‘సమూహ సభ్యులు’ అని నొక్కితే చాలు. యంత్రం బలహీనమైతే రిజల్యూషన్ ఒక మెట్టు తగ్గించుకుని అయినా ఆ పదింటినీ నడపాలి. 16 కిలోమీటర్ల ఒక్క అంచనా కన్నా 40 కిలోమీటర్ల పది అంచనాలు ఆరంభ స్థితి గురించి ఎక్కువ చెబుతాయి. ఆరంభ డేటా ఇచ్చే సాధనాలు చేయాల్సిన మార్పు కూడా చిన్నదే: తేదీ, గంట, రిజల్యూషన్, పొరలతో పాటు సభ్యుల సంఖ్య అనే గడి పెట్టి, అందులో ముందుగానే 10 అని రాసి ఉంచడం. ఒక్కటే చాలనుకునేవాళ్ళు దాన్ని చెరిపి 1 అని రాసుకుంటారు.